ఇల్లు చూడ్డానికి పార్టీ వచ్చింది

పటమట, విజయవాడ
12 ఫిబ్రవరి 2001

చిరంజీవి సౌభాగ్యవతి కనకలక్ష్మికి వదిన రామతులసి దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. మీ అన్నయ్యకి మోకాలి నొప్పి, మా చిన్నాడు చక్రికి ఉద్యోగం లేదు, పెద్ద కోడలికి నా మీద అలక, నాకు నిద్ర లేదు. ఇవి తప్పిస్తే అంతా క్షేమమే.

ఫోన్ చెయ్యక ఈ ఉత్తరమేమిటి అంటావేమో. మన ఫోను హాల్లో టీవీ పక్కనుంది. నేను రిసీవరెత్తితే టీవీ సౌండు తగ్గించే నాథుడు లేడు గానీ, అందరి చెవులూ ఇటే ఉంటాయి. ఎస్టీడీ అనగానే మీ అన్నయ్య చేతిగడియారం చూసుకుంటూ నా ఎదురుగా నిలబడతారు. అలా నిలబడితే నాకు నా పేరే గుర్తుండదు, ఇంక నీకేం చెప్పను?

నీ ఫ్లాటు సంగతి. అద్దెకున్నవాళ్లు కిందటి నెలాఖరుకి ఖాళీ చేశారు. మీవారు, అదే మా అన్నయ్యగారు, జూన్‌లో రిటైరవుతారనీ, కంపెనీ క్వార్టరు వదిలెయ్యాలనీ, ఈలోపు బెజవాడ ఫ్లాటు అమ్ముడైతేనే భిలాయిలో ఆ జామచెట్టు ఇల్లు కొనుక్కోగలరనీ రాశావు. తాళంచెవి మీ అన్నయ్యకి పంపితే పేకాట బల్ల మీద మర్చిపోతారని నా పేరున పంపావు. సంతోషం. ఇన్నేళ్ల కాపరంలో నా చేతికొచ్చిన మొదటి తాళంచెవి ఇదే.

శౌరయ్య అనే బ్రోకర్ని పెట్టాను. మార్కెట్టు పడుకుందమ్మా అన్నాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు ఇల్లు అమ్మి చూడు అని చెప్పడం మర్చిపోయారు. పటమటలో ఏ సందులో చూసినా అమ్మకానికి ఫ్లాట్లు అని బోర్డులే. ఆ బోర్డులు రాసే పెయింటరొక్కడే ఇవాళ బెజవాడలో ఫ్లాటు కొనగలిగిన మనిషి.

పార్టీలు మధ్యాహ్నం పూట వస్తారు, తాళంచెవితో ఎవరో ఒకరు ఫ్లాట్లో ఉండాలి అన్నాడు శౌరయ్య. అందుకని భోజనాలవగానే నేనే వెళ్తున్నాను. "పార్టీ వచ్చింది, ఇల్లు చూపించాలి" అంటే మీ అన్నయ్య కూడా కాదనలేకపోతున్నారు. వెళ్లి ఏం చేస్తానంటావా? కూర్చుంటాను. అక్కడ చప్పుడు చేసేది ఫ్యానొక్కటే. నిన్న గోడకి జారబడినదాన్ని జారబడినట్టే నిద్రపోయాను. మెలకువ వచ్చాక భయమేసింది. ఎవరూ కేకేసి లేపకుండా లేవడం నాకు కొత్త కదా.

అన్నట్టు, ఇక్కడ మన ఇంట్లో నీ గది భద్రం. నువ్వు తాళం వేసి చెవి పట్టుకెళ్లిన దగ్గర్నుంచీ అందులో ఎలుకలు అద్దె లేకుండా కాపరం చేస్తున్నాయి. ఫ్రిజ్జుకీ వంటింటి గడపకీ మధ్య నా చాప మీద పడుకుని రోజూ వాటి పిల్లాజెల్లా మాటలు వింటున్నాను. వాటికి చోటు బాగానే సరిపోయినట్టుంది.

ఇట్లు
నీ ఫ్లాటు కాపలాదారు,
రామతులసి


భిలాయి
22 ఫిబ్రవరి 2001

వదినకి కనకం నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. నా గదిలో ఎలుకలున్నాయని తెలిసి చాలా ఆనందించాను. పుట్టింట్లో నా తరఫున ఎవరో ఒకరున్నారన్నమాట.

ఆ గది ఊసు మాత్రం ఎత్తకు వదినా. ఆడపిల్లకి పుట్టింట్లో తనదంటూ ఒక గది ఉండాలని నాన్న పట్టుబట్టి వేయించిన గది అది. అందులో నా పెళ్లినాటి సామానుంది. ఇవాళ తాళం తీస్తే రేపు ఆవకాయ జాడీలు చేరతాయి, ఎల్లుండి గ్యాసు బండ చేరుతుంది, ఆ తర్వాత నేనొస్తే హాల్లో చుట్టంలా కూర్చోవాలి. నాకు తెలీదా మన ఇంటి సంగతి?

ఇక్కడ మీ అన్నయ్యగారు పొద్దున్నే లేచి క్వార్టరు గోడలు తడిమి చూసుకుంటున్నారు. ముప్పై ఏళ్లున్నాం, ఒక మేకు కొట్టాలన్నా ఆఫీసు పర్మిషనడిగాం. జామచెట్టు ఇంటాయన మే నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత వేరేవాళ్లకి ఇచ్చేస్తాట్ట. ఆ ఇల్లు పోతే మేము సామానుతో సహా రోడ్డు మీద ఉంటాం, నీ ఫ్రిజ్జు పక్కన చాప వేసుకోవడానికి వచ్చేస్తాం. చోటుంచు.

పార్టీ వచ్చేసరికి మాత్రం నిద్రపోతూ కనిపించకు. ఇల్లు కొంటే మనిషి ఉచితం అనుకోగలరు.

నీ మరదలు,
కనకం


పటమట
8 మార్చి 2001

కనకానికి, వదిన.

అంతా బాగున్నాం. నువ్వడిగావని కాదు, చెప్పకపోతే అలుగుతావని.

పార్టీ నిజంగానే వచ్చింది. కంకిపాడు వైపు రైతు. ఆయన, భార్య, బావమరిది, ఆ బావమరిదికి తెలిసిన ఇంకొకాయన, అందరూ కలిసి ఒకే ఆటోలో దిగారు. మినుములమ్మిన డబ్బుతో కొడుకు కాలేజీ చదువుకి ఇక్కడ ఫ్లాటు కొనాలట. పుచ్చకాయ కొన్నట్టు గోడలన్నీ వేలితో కొట్టి చూశాడు. కుళాయిలు తిప్పాడు. భార్య వంటింట్లో గట్టు మీద చెయ్యేసి రాసి, "బాగానే ఉందండీ" అంది. బయానా ఎప్పుడివ్వమంటారు అని శౌరయ్యనడిగారు కూడా.

నాకే మనసొప్పలేదు. దాచి అమ్మితే పాపం కదా? లెట్రిన్లో బేసిను తూర్పు పడమరలుగా ఉంది, వాస్తుకి పనికిరాదంటారు, మీరు పట్టించుకోనంటే సరే అన్నాను. వాళ్లడగలేదులే. రేపు వాళ్లింట్లో ఏ పిల్లాడికి జ్వరమొచ్చినా నన్నే కదా తిట్టుకునేది! ఆ రైతు ముఖం ఎలా మారిపోయిందనుకున్నావు! అందరూ బాత్‌రూము ముందు గుమిగూడి దిక్కులు చూశారు. శౌరయ్య నన్ను చూసిన చూపు ఆ ప్రభువుకే తెలియాలి. మళ్లీ వస్తామన్నారు. రారు.

నువ్వేం బెంగపెట్టుకోకు, నేను రోజూ వెళ్తూనే ఉన్నాను. వచ్చినవాళ్లకి టీ ఇవ్వకపోతే బాగుండదని చిన్న కిరసనాయిలు స్టవ్వు, రెండు గ్లాసులు పట్టుకెళ్లాను. ఒక చాప, దిండు కూడా. పాత వారపత్రికలు నాలుగు. పార్టీలు రానప్పుడు ఆ టీ ఎవరు తాగుతారని అడక్కు.

మీ అన్నయ్య అడిగారు, "రోజూ పార్టీలొస్తుంటే ఒక్కడూ కొనడేమే?" అని. మార్కెట్టు అలా ఉందండీ అన్నాను.

వదిన


భిలాయి
16 మార్చి 2001

అయ్యా వాస్తు సిద్ధాంతి రామతులసి గారికి,

ఇల్లు అమ్మిపెట్టమన్నాను గానీ దాని జాతకం చెప్పమన్నానా వదినా? పెళ్లిచూపుల్లో పిల్ల పాట పాడుతుంటే పక్కన కూర్చుని దీనికి చిన్నప్పుడు ఫిట్సు వచ్చేవండీ అనే మేనత్తలుంటారే, అచ్చం అలా ఉంది నీ వరస. సత్యహరిశ్చంద్రుడికి చెల్లెలుందని నాకెవరూ చెప్పలేదు.

సరే, దోషమంటూ బయటపడ్డాక ఊరంతా పాకుతుంది. డీడీ పంపుతున్నాను. నువ్వెప్పుడూ చెప్పే లాజరు మేస్త్రీని పిలిచి ఆ బేసిను పీకించి ఉత్తర దక్షిణాలకి తిప్పించు. ఇంకేమైనా వంకలుంటే అవీ ఇప్పుడే చెప్పు, ఒకేసారి బాగుచేయిద్దాం. లేదా ఫ్లాటునే ఎత్తి వేరే వీధిలో పెట్టమంటావా?

ఇక్కడ జామచెట్టు ఇంటాయన భార్య నన్ను చూసినప్పుడల్లా "మీ ఫ్లాటు అయిందా బెహెన్‌జీ?" అంటోంది. ఆవిడ ఇంట్లో జామకాయలు పండిపోతున్నాయట, తీసుకెళ్లమంటుంది. కొనని ఇంటి కాయలు నా గొంతు దిగడం లేదు. మీ అన్నయ్యగారు నిద్రపోవడం మానేశారు. నువ్వు మాత్రం టీ తాగి పడుకో.

కనకం


పటమట
3 ఏప్రిల్ 2001

కనకానికి, ఉగాది పచ్చడిలో ఈసారి చేదెక్కువైన వదిన రాయునది.

లాజరు వచ్చాడు, పీకాడు, తిప్పాడు. మధ్యాహ్నం పూటే వస్తాడు మహానుభావుడు. పొద్దున రమ్మంటే పొద్దున వేరే పనట. సుత్తి దెబ్బలు, సిమెంటు దుమ్ము, పైగా అతను పాడే క్రైస్తవ గీతాలు. చాప వేసుకోవడానికి చోటు లేదు, కన్ను మూసే వీలు లేదు. ఆ ఫ్లాటు కూడా మన ఇల్లు లాగా అయిపోయిందనుకో. పని పూర్తయి అతను వెళ్లిన రోజు తలుపేసుకుని నేల కడిగి, ఊరికే అలా నిలబడ్డాను. ఎంత హాయిగా ఉందో చెప్తే నవ్వుతావు.

ఇప్పుడు మీ లెట్రిన్ శాస్త్రసమ్మతం. ఇంద్రుడొచ్చి కూర్చున్నా దోషం లేదు.

ఈలోపు శుక్రమూఢం వచ్చింది, కొనేవాళ్లు ఇల్లు కదలడం లేదు. కదిలిన ఒక్క జంట మాత్రం మొన్న వచ్చారు. ఇద్దరూ బ్యాంకు ఉద్యోగులు. మూఢాలు నమ్మం అన్నారు, దిక్కులు అడగలేదు. ఆ అమ్మాయి వెనక గది కిటికీ దగ్గర నిలబడి "ఎంత ప్రశాంతంగా ఉందండీ ఇక్కడ!" అంది. ఆ మాటకి నాకెందుకో ఒళ్లు మండింది కనకం. నిజం చెప్తున్నాను. నా చాప పక్కకి నెట్టి మరీ నిలబడింది.

ఎదురు సందు తిన్నగా వచ్చి మన గేటుకే తగులుతుంది చూశారా, దాన్ని వీధిపోటంటారు అన్నాను. నమ్మం అన్నవాళ్లే కిందికెళ్లి రోడ్డు మీద నిలబడి పావుగంట చూశారు. తర్వాత స్కూటరెక్కి వెళ్లిపోయారు. మార్కెట్టు అలా ఉంది.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మీ అన్నయ్య పేకాట బృందం అరుగు మీంచి హాల్లోకి మారింది. మజ్జిగ, పకోడీలు, మళ్లీ మజ్జిగ. పార్టీ వచ్చిందని చెప్పి పారిపోతున్నాను.

వదిన


భిలాయి
10 ఏప్రిల్ 2001

వదినా,

నమస్కారం లేదు ఈసారి.

శౌరయ్య నాకు ఫోన్ చేశాడు. "మేడమ్, మీ వదినగారు పార్టీలని గుమ్మం దాకా రానిస్తున్నారు గానీ బయానా దాకా రానివ్వడం లేదండీ. నేను తెచ్చినవాళ్లందరికీ ఏదో ఒక వంక ఆవిడే చూపిస్తున్నారు. నా కమిషన్ సంగతి దేవుడెరుగు, నాకు సిగ్గుగా ఉంది" అన్నాడు.

ఇప్పుడు నాకు అర్థమైంది. చక్రికి పెళ్లీడు వచ్చింది. వాడికి ఉద్యోగం లేదు, ఫ్లాటుంటే పిల్లనిస్తారు. మేం మే నెలాఖరుకి విసిగిపోయి, వచ్చిన కాడికి చాలని మీకే ఇచ్చేస్తామని నీ లెక్క. అంతే కదా? నోరు తెరిచి అడగలేకపోయావా? అడిగితే ఇచ్చేదాన్ని కాదు, అది వేరే సంగతి. కానీ అడిగితే బాగుండేది.

స్టవ్వు పెట్టావు, చాప వేశావు, గ్లాసులు చేర్చావు. ఇంక పాలు పొంగించడమొక్కటే తరువాయి. ముహూర్తం ఎప్పుడో చెప్తే మేమూ అక్షింతలు పట్టుకుని వస్తాం.

ఆయన ముప్పై ఏళ్లు కొలిమి వేడిలో నిలబడి కొన్న ఫ్లాటది వదినా. మాకు ఆ ఒక్కటే ఉంది. నిన్ను నమ్మాను, మా అన్నయ్యని కూడా కాదు, నిన్ను.

కనకలక్ష్మి


పటమట
19 ఏప్రిల్ 2001

కనకలక్ష్మి గారికి,

తమరి పూర్తి సంతకం చూసి ధన్యురాలినయ్యాను.

చక్రికి ఫ్లాటెందుకమ్మా? వాడికి అరుగూ, మోటార్ సైకిలుకి ఆనుకుని నిలబడే నలుగురు స్నేహితులూ ఉంటే చాలు. వాడికి పిల్లనిచ్చేవాడు ఫ్లాటు చూసి ఇవ్వడు, పిచ్చి పట్టి ఇవ్వాలి. నేను కాజేసిన ఆస్తి వివరం ఇదిగో: చాప ఒకటి, దిండు ఒకటి, స్టవ్వు ఒకటి, గ్లాసులు రెండు. అవసరమైతే పోలీసుల్ని పంపు, టీ పెట్టి ఇస్తాను.

ఏడ్చాను. రాయకూడదనుకున్నాను గానీ రాసేశాను.

సరే, నీ పనికొద్దాం. మొన్న శౌరయ్య ఒక పార్టీని తెచ్చాడు. నా మీద కోపంతో గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఈసారి ఏం చెప్తావో చెప్పు అన్నట్టు. వన్ టౌన్‌లో తాళాలూ గడియలూ అమ్మే హార్డ్‌వేర్ షాపాయన, మదార్ సాహెబ్. ఆయన భార్య కుల్సుం. ఆయన మాట్లాడలేదు, అన్నీ ఆవిడే.

వీధిపోటుందమ్మా అన్నాను. "మంచిదే గదమ్మా, ఎదురుగాలొస్తది" అంది. ఈశాన్యం మూల కాస్త తెగిందన్నాను. "ఆ మూల చీపురు పెట్టుకుంటాలే" అంది. మూఢంలో రానివాళ్లు ఇప్పుడొస్తున్నారు, తొందరపడకండి అన్నాను. "మాకు మూఢాలేంటమ్మా" అని నవ్వింది. నాకు తెలిసిన శాస్త్రమంతా అయిపోయింది.

అప్పుడు ఆవిడ తిన్నగా బాత్‌రూములోకి వెళ్లింది. బేసిను చూసి, కిటికీలోంచి ఎండ చూసి, బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మేం పడమటికి తిరిగి నమాజు చేస్తామమ్మా. ఆ వైపుకి ముఖంగానీ వీపుగానీ పెట్టి కూర్చోగూడదు. ఎన్ని ఫ్లాట్లు చూశామో, అన్నీ అడ్డంగానే ఉన్నయ్యి. ఇదొక్కటే సక్కంగా ఉంది. ఎవరో బుద్ధిమంతులు పెట్టించారు" అంది.

శౌరయ్య వెనక్కి తిరిగి దగ్గాడు. నవ్వాడో దగ్గాడో నాకు తెలియదు. వంక పెట్టింది నేను, తిప్పించింది నువ్వు, మెచ్చుకుంది ఆవిడ.

బయానా ఇస్తామంటున్నారు. కానీ ఒక మాట. అపార్ట్‌మెంటు ప్రెసిడెంటుగారు సాయిబులకిస్తే ఒప్పుకోమంటున్నారు. మాంసం వాసనలొస్తాయట. నలుగురితో గొడవెందుకు, వద్దని చెప్పేయనా? ఇంకో నెల చూద్దాం.

రామతులసి


భిలాయి
27 ఏప్రిల్ 2001

వదినా,

ఆ ప్రెసిడెంటుగారి వంటింట్లోంచి ఆదివారం ఆదివారం వచ్చే కోడికూర వాసన మల్లెపూల వాసనా? కిందటిసారి నేనక్కడికి వచ్చినప్పుడు మెట్ల మీద నిలబడి మసాలా ఏం వేశారా అని ఆలోచించాను. ఆయన కోడి వేదం చదివిందేమో, పాపం.

నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నా పిల్లలకి జడలేసి, క్యారేజీలు కట్టి స్కూలుకి పంపింది పక్క క్వార్టరు జుబియా. నువ్వు రైల్లో ఆవకాయ పంపితే సగం ఆవిడకిచ్చేదాన్ని. నీకు తెలుసు, నువ్వే ఆవిడకి వేరే సీసా కట్టి పంపేదానివి. మరి ఆ మాట నీ కలంలోంచి ఎలా వచ్చింది? నీ ఎత్తిపొడుపులన్నీ నాకు తెలుసు. ఇది నీది కాదు. ఇది ఎవరి దగ్గరో అప్పు తెచ్చుకున్నావు.

చక్రి మాట తప్పయితే క్షమించు. కానీ నీకేదో ఉంది. అమ్మకూడదన్న పట్టుదల ఏదో ఉంది. అదేమిటో ఎంత ఆలోచించినా నాకు తట్టడం లేదు.

మదార్ సాహెబ్ గారితో ఖాయం చెయ్యి. ఇది అడగడం కాదు, చెప్పడం. మే రెండో వారంలో రిజిస్ట్రేషన్‌కి నేనొక్కదాన్నే వస్తున్నాను. నా కోసం ప్రత్యేకంగా ఏమీ చెయ్యకు. చేస్తావని తెలుసు.

కనకం


పటమట
22 మే 2001

కనకానికి, వదిన దీవెనలు.

మీ అన్నయ్య ఎస్టీడీ చేస్తే క్షేమంగా చేరావని అన్నయ్యగారు ఫోన్‌లో చెప్పారట. నాకు రిసీవరు అందేలోపు గడియారం నిమిషం దాటిందని మీ అన్నయ్య పెట్టేశారు.

నువ్వున్న మూడు రోజులూ మనం మాట్లాడుకోలేదు. నువ్వు మాట్లాడే వీలిచ్చావా, నేను తప్పించుకు తిరిగానా? రెండూనూ. రిజిస్ట్రారాఫీసు బెంచీ మీద కుల్సుం విసనకర్రతో నీకు విసురుతూ, మధ్యమధ్య నాకూ విసిరింది చూశావా? సాయిబులు అని రాసినందుకు అప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ప్రెసిడెంటుగారిని నేనే అడిగాను కనకం, "మీకేమీ అభ్యంతరం లేదు కదా" అని. లేని ఆలోచన ఆయన బుర్రలో పెట్టింది నేను. ఇప్పుడు ఆయన మదార్ సాహెబ్ షాపులో గేటు తాళాలకి తగ్గింపు అడుగుతున్నాడట. ఆయన మారిపోయాడు, నాకే మింగుడుపడలేదు.

నిన్న తాళంచెవులు అప్పజెప్పాను. కుల్సుం అడిగింది, "ఇన్నాళ్లు ఎవరూ కొనలేదేంటమ్మా? లోపమేమన్నా ఉందా? ఇప్పుడు చెప్పినా ఏమనుకోను" అని. వచ్చినవాళ్లందరికీ లేని లోపాలు చెప్పినదాన్ని, అడిగినదానికి ఏం చెప్పను? లేదమ్మా, ఈ ఇంట్లో ఏ లోపమూ లేదు, మధ్యాహ్నం పూట ఆ వెనక గదంత చల్లని చోటు బెజవాడలోనే లేదు, పడుకుంటే ఒంట్లో అలసటంతా పోతుంది అన్నాను. అంటూ అలవాటు కొద్దీ ఆ గోడకి జారబడ్డాను. ఆవిడ ఏమనుకుందో, మంచినీళ్లు తెచ్చిచ్చింది. నా గ్లాసుతోనే.

చాప చుట్టుకుని, స్టవ్వు పట్టుకుని వచ్చేశాను. జామచెట్టు ఇల్లు మీదైంది, అదే చాలు. నేను మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటున్నానని మీ అన్నయ్య తెగ సంతోషిస్తున్నారు. పకోడీలు ఇప్పుడు రెండు విడతలు.

వదిన


భిలాయి
4 జూన్ 2001

వదినకి, నీ మొద్దు మరదలు కనకం అనేక నమస్కారాలు.

ఇది రిజిస్టర్డ్ పోస్టులో వస్తోంది. మీ అన్నయ్యగారు ఏం ఆస్తి పంపుతున్నావని అడిగారు. వారసత్వం అన్నాను.

నేనొచ్చిన రోజు నీ వెనకే ఫ్లాటుకి వచ్చి చూశానుగా. వెనక గదిలో చాప, దాని పక్కన మడత పెట్టిన పత్రిక, పత్రిక మీద నీ కళ్లజోడు. చూసి, స్టవ్వూ గ్లాసులూ లెక్కపెట్టుకుని, చక్రి కాపరానికి ఇంతేనా అనుకున్నాను. నా గదిలో ఎలుకలకి భయపడి హాల్లో పడుకున్నదాన్ని, ఆ రాత్రి మంచినీళ్లకి లేచాను. నువ్వు ఫ్రిజ్జుకీ గడపకీ మధ్య ముడుచుకుని పడుకున్నావు. నా కాలు నీకు తగిలింది. నువ్వు లేచి "టీ కావాలా?" అన్నావు. కళ్లు కూడా తెరవకుండా.

మర్నాడు నా గది తాళం తీశాను, అమ్మ వెండి కుంకుమభరిణె తీసుకుందామని. ఒక ఇనప మంచం, రెండు ట్రంకు పెట్టెలు, డ్రెస్సింగ్ టేబులు, ఎలుకలు. కిటికీ తెరిస్తే ఎంత గాలి! భరిణె తీసుకున్నాను, అలవాటు కొద్దీ తాళం వేశాను, చెవి పర్సులో వేసుకుని రైలెక్కాను. బల్లార్షా దాటాక గానీ నా బుర్రకి తెలివి రాలేదు. ఇంటి మధ్యలో ఖాళీ గదికి తాళమేసి, పడుకోవడానికి చోటు లేనిదాన్ని నా ఫ్లాటు కాజేస్తున్నావని తిట్టానే! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారు, అది నేనే వదినా. నువ్వు ఒక్క మాట అని ఉంటే? అన్నావులే, ఎలుకల పేరు పెట్టి మొదటి ఉత్తరంలోనే అన్నావు. నేను జోకనుకుని జోకేశాను.

ఈ కవర్లో ఉన్నది ఆ గది తాళంచెవి. ట్రంకు పెట్టెలు అటకెక్కించు. డ్రెస్సింగ్ టేబులు నువ్వే వాడుకో, ఎలుకల్ని మా అన్నయ్యకి కట్టబెట్టు. ఆవకాయ జాడీలు, గ్యాసు బండలు, పేకాట వాళ్లు ఆ గడప దాటితే మాత్రం నేనే వచ్చి తాళం వేస్తాను. నేనొచ్చినప్పుడు నీ పక్కన ఇంకో చాప వేస్తే చాలు. నాకిక్కడ జామచెట్టుతో సహా ఒక ఇల్లుంది, ఆకులు ఊడ్చలేక చస్తున్నాను.

ఆ గదికి ఒకే ఒక్క దోషముంది, సిద్ధాంతి గారూ. తలుపుకి బయటే గడియుంది, లోపల లేదు. ముందు అది సరిచేయించు.

నీ కనకం


పటమట
16 జూన్ 2001

కనకానికి, గదిలోంచి వదిన.

కార్డే రాస్తున్నాను, పోస్ట్‌మాన్ చదివినా ఫరవాలేదు. తాళంచెవి అందింది. మదార్ సాహెబ్ షాపుకి గడియ కోసం కబురంపితే, కుల్సుం ఇత్తడిది తనే తెచ్చిచ్చింది. "లోపలికే కదమ్మా?" అని అడిగి, నేను చెప్పకుండానే నవ్వింది. లాజరు బిగించి వెళ్లాడు. ఎలుకలు మర్యాదస్థులు, చెప్పకుండానే ఖాళీ చేశాయి.

కిటికీ తీసి ఉంది. గాలి నువ్వు చెప్పినంతా ఉంది. భోజనాలవగానే వచ్చి గడియ వేసుకున్నాను. ఇందాక మీ అన్నయ్య తలుపు కొట్టి, ఏం చేస్తున్నావే, పకోడీలేవి అని కేకేశారు.

పార్టీ వచ్చిందండీ, ఇల్లు చూపిస్తున్నాను అన్నాను.

రామతులసి